మూత తీయని పెట్టెలు



కొందరికి తపాలా బిళ్ళలు దాచే అలవాటు ఉంటుంది. కొందరికి పాత నాణెములు, కొందరికి అగ్గిపెట్టెల మీది బొమ్మలు. ఈ నెల మేము ప్రస్తావించే అలవాటు వీటికి తమ్ముడు వంటిది. పాత కార్టూన్ చిత్రములు, పాత టెలివిజన్ కథలు ఉన్న వీడియో డిస్కులను, అందులోను "ఇన్నే తయారు చేశాము, ఇక చేయము" అని చెప్పి అమ్మిన పెట్టెలను, వెదకి వెదకి కొని దాచుకొనే అలవాటు. అమెరికాలో ఈ అలవాటు ఉన్నవారు చాలామంది. అక్కడ ఉద్యోగములు చేసుకుంటున్న మన తెలుగువారిలో కూడా కొందరు ఉన్నారని మాకు వచ్చిన ఒక ఉత్తరము వలన తెలిసింది.

"మీసాలు వచ్చిన మగవాడికి బొమ్మల సినిమాలేమిటి?" అని పెద్దలు నవ్వవచ్చు. నవ్వే ముందు సంగతి పూర్తిగా తెలిసికొందాము. ఎందుకంటే ఇది బొమ్మల సంగతి మాత్రమే కాదు. మన ఇళ్ళలో బీరువాలో మడత నలగని పట్టుచీరలున్నవి. చుట్టాలు వస్తే తప్ప దించని గాజు గ్లాసులున్నవి. దాచుకొనుట ఎంతవరకు మంచిది, ఎక్కడినుండి చెడుపు అవుతుంది అనే ప్రశ్న ప్రతి ఇంటిలోను ఉన్నదే.

పెట్టె వెనుక కథ

ఒకప్పుడు సినిమాను ఇంటిలో ఉంచుకొనుట సామాన్యులకు సాధ్యము కాదు. కార్టూన్ చిత్రము అసలు సినిమాకు ముందు ఏడెనిమిది నిమిషములు ఆడేది, ఆ వారము దాటితే వెళ్ళిపోయేది. టెలివిజన్ కార్యక్రమము ఆ సాయంత్రము చూసినవాడిదే. చూడనివాడికి అది లేనట్టే లెక్క.

వీడియో టేపు వచ్చి ఈ పరిస్థితిని మార్చింది. టెలివిజన్‌లో వచ్చేదానిని ఇంటిలోనే రికార్డు చేసికొనే బీటామ్యాక్స్ యంత్రమును సోనీ కంపెనీ అమ్ముతుంటే, 1976లో యూనివర్సల్ స్టూడియో, డిస్నీ సంస్థ కలిసి దాని మీద దావా వేశాయి. ప్రజలు ఇంటిలో సినిమా దాచుకొంటే మా గతి ఏమిటని వారి భయము. ఎనిమిది సంవత్సరముల తరువాత, 1984 జనవరి 17న, అమెరికా సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పు ఇచ్చింది. తరువాత చూచుట కొరకు ఇంటిలో రికార్డు చేసికొనుట తప్పు కాదన్నది. ఇంటిలో దాచుకొనవద్దని కోర్టుకెక్కిన ఆ డిస్నీ సంస్థే తరువాతి కాలములో "దాచుకొనుటకు రండి" అని పెట్టెలు చేసి అమ్మింది. లోకము తీరు ఇట్లున్నది!

ఆ పెట్టెలలో పేరుపొందినవి "వాల్ట్ డిస్నీ ట్రెజర్స్". ట్రెజర్స్ అంటే నిధులు. 2001 డిసెంబరులో మొదటి నాలుగు వచ్చాయి. మిక్కీ మౌస్ రంగుల చిత్రములు ఒకటి, "సిల్లీ సింఫనీస్" అనే సంగీత కార్టూన్లు ఒకటి, డిస్నీలాండ్ గురించిన పాత టెలివిజన్ భాగములు ఒకటి, 1954-55లో అమెరికా పిల్లలను ఉర్రూతలూపిన డేవీ క్రాకెట్ కథ ఒకటి. ఒక్కొక్కటి రేకు పెట్టె. పెట్టెకు వరుస సంఖ్య. లోపల డిస్కులతో పాటు ఇది అసలైనదని చెప్పే ధ్రువపత్రము. సినిమా చరిత్రకారుడు లియొనార్డ్ మాల్టిన్ మొదట కనిపించి, ఈ చిత్రము ఎప్పుడు తీశారు, దాని ప్రత్యేకత ఏమిటి అని చెబుతాడు. 2009లో "జోరో" పాత టెలివిజన్ కథలతో ఈ వరుస ఆగిపోయింది.

మొదటి విడత పెట్టెలు ఒక్కొక్క రకము లక్షకు పైగా చేశారు. తరువాత తరువాత సంఖ్య తగ్గిపోయింది. 2008లో వచ్చిన "డాక్టర్ సిన్" అనే పెట్టె 39,500 మాత్రమే. అది 1964లో టెలివిజన్‌లో వచ్చిన కథ. 18వ శతాబ్దపు ఇంగ్లండులో ఒక పల్లె పాదిరిగారు పగలు గుడిలో ప్రసంగము చేస్తూ, రాత్రి దిష్టిబొమ్మ వేషములో గుర్రమెక్కి, రాజుగారి పన్నులకు నలిగిపోయిన పేదల పక్షాన దొంగ సరకు నడిపిస్తాడు. ఆ వృత్తిలో ఉన్నవారము గనుక మాకు ఈ కథ వినగానే కొంచెము ఆసక్తి కలిగిందని ఒప్పుకొంటున్నాము. మా గుర్రము మాత్రము పాత స్కూటరే! ఆ పెట్టె కొద్ది వారములలోనే అయిపోయింది. దొరకనివారు మొదటి ధరకు ఎన్నో రెట్లు ఇచ్చి రెండవ చేతి నుండి కొన్నారు.

రెండు రకముల కొరత

ఇక్కడ ఒక విషయము జాగ్రత్తగా గమనించండి. కొరత రెండు రకములు. కాలము తెచ్చిన కొరత ఒకటి. కంపెనీ చేసిన కొరత ఒకటి.

కాలము తెచ్చిన కొరతకు ఒక ఉదాహరణ చెబుతాము. మిక్కీ మౌస్ పుట్టక ముందు వాల్ట్ డిస్నీ ఒక కుందేలు బొమ్మతో కార్టూన్లు తీసేవాడు. దాని పేరు ఆస్వాల్డ్. 1927లో మొదలయింది. మరుసటి సంవత్సరము ఆయన కొత్త ఒప్పందము కోసము న్యూయార్క్ వెళ్ళినప్పుడు తెలిసిందేమంటే, ఆ కుందేలు మీద హక్కు తనది కాదు, యూనివర్సల్ వారిది. తన దగ్గర పనిచేసే చిత్రకారులలో చాలామందిని కూడా అవతలివారు లాగుకొన్నారు. చేతిలో ఉన్నది పోయిన తరువాత చేసిన బొమ్మే మిక్కీ. 1928 నవంబరు 18న "స్టీమ్‌బోట్ విల్లీ" వచ్చింది. తరువాతి సంగతి లోకమెరిగినదే. ఆ కుందేలు డిస్నీ సంస్థకు తిరిగి వచ్చింది 2006లో. ఆటల వ్యాఖ్యాత ఆల్ మైకేల్స్‌ను అవతలి టెలివిజన్ సంస్థకు వదలిపెట్టి, ఆ ఒప్పందములో భాగముగా కుందేలును తెచ్చుకొన్నారు. 78 సంవత్సరముల తరువాత ఇల్లు చేరిన కుందేలు!

హక్కు అయితే వచ్చింది. మరి చిత్రములు? డిస్నీ తీసినవి 26. 2007లో ఆస్వాల్డ్ రేకు పెట్టె వచ్చినప్పుడు అందులో పెట్టగలిగినవి 13. మిగిలినవి అప్పటికి దొరకలేదు. ఆ రోజులలో సినిమా ఫిలిం నైట్రేట్ పదార్థముతో చేసేవారు. అది త్వరగా అంటుకొంటుంది, కాలము గడిస్తే జిగురై, పొడియై పోతుంది. పాత చిత్రములకు గిరాకీ లేదని స్టూడియోలే పారవేసినవి కూడా ఎన్నో. 2013లో అమెరికా జాతీయ గ్రంథాలయము ప్రకటించిన లెక్క ప్రకారము, ఆ దేశములో తీసిన సుమారు 11,000 మూకీ కథాచిత్రములలో మొదట విడుదలైన రూపములో మిగిలినవి 14 శాతము మాత్రమే.

పోయినవి ఎక్కడ దొరికాయి? 1928 నాటి "స్లే బెల్స్" అనే ఆస్వాల్డ్ చిత్రము బ్రిటిష్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ భాండాగారములో బయటపడి, 2015లో మళ్ళీ తెరమీదికి వచ్చింది. జపానులో యసుషి వతనబె అనే పెద్దమనిషి బడిలో చదువుకొనే రోజులలో ఒసాకాలోని ఒక బొమ్మల దుకాణము నుండి 500 యెన్లకు ఒక చిన్న ఫిలిం చుట్ట కొన్నాడు. దాచుకొన్నాడు. సుమారు 70 సంవత్సరములు గడిచాయి. పోయిన ఆస్వాల్డ్ చిత్రముల మీద వచ్చిన ఒక పుస్తకము చదివి, తన దగ్గరున్నది వాటిలో ఒకటి కావచ్చునని అనుమానించాడు. చూపించాడు. 2018లో లోకానికి తెలిసింది: అది "నెక్ అండ్ నెక్" అనే చిత్రములోని రెండు నిమిషముల భాగము. 84 ఏళ్ళ వయసులో ఆయనకు ఎంత సంతోషము కలిగి ఉంటుందో మనము ఊహించవచ్చును.

కాబట్టి దాచేవారిని చులకన చేయకండి. స్టూడియో పారవేసినదానిని ఒక బడిపిల్లవాడు కాపాడాడు. అయితే ఆయన చేసిన పనిని కూడా గమనించండి. దాచాడు, తెలిసికొన్నాడు, తెరిచి చూపించాడు. ఈ మూడవది లేకపోతే మొదటి రెండు ఎవరికీ ఉపయోగపడేవి కావు.

కంపెనీ చేసిన కొరత వేరు. డిస్కు అచ్చువేయుట కష్టము కాదు. 39,500 వేసిన యంత్రము ఇంకొక 39,500 వేయగలదు. "ఇక చేయము" అనుట వ్యాపారపు ఎత్తు. అది నేరమని మేము అనడము లేదు. ఎక్కువమంది కొనని పాత సరకును బయటికి తెచ్చుటకు వారికి అదొక మార్గమయింది. ఆ మార్గము లేకపోతే ఆ చిత్రములు శుభ్రపడి మన చేతికి వచ్చేవే కావేమో. కాని పెట్టె మీది సంఖ్యను చూచి ఆత్రపడేవాడు తాను దేనికి ఆత్రపడుతున్నాడో తెలిసికొనవలెను. చిత్రము కొరకా, సంఖ్య కొరకా?

ఒక సహోదరి ఉత్తరము

ఇక ఆ ఉత్తరము సంగతి. అమెరికాలో ఉంటున్న ఒక సహోదరి రాసింది. పేరు, ఊరు మేము చెప్పము.

"అయ్యగారూ, మా వారు మంచివారే. తాగరు, తిరగరు. కాని ఒక గదిలో గోడంతా ఈ రేకు పెట్టెలు, డిస్కుల అట్టపెట్టెలే. ఒక్కొక్కదానికి ఎంత పెట్టారో నాకు చెప్పరు. సగము పెట్టెలకు పైనున్న ప్లాస్టిక్ కాగితము కూడా తీయలేదు. బాబుకు ఎనిమిదేళ్ళు. వాడు ముట్టుకుంటే కేకలు వేస్తారు. మొన్న వాడు తెలియక ఒక పెట్టె కాగితము చించాడు. రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. బొమ్మల సినిమా కోసము కన్నకొడుకుతో మాట మానేసే మనిషికి ఏమి చెప్పమంటారు?"

ఆమె అనుమతితో ఆ సహోదరునికి మేమే ఫోను చేశాము. తిట్టుటకు కాదు, వినుటకు. "తమ్ముడూ, ఈ పెట్టెలలో ఏమున్నది నీకు?" అని అడిగాము. కొంచెము మొహమాటపడి ఇట్లు చెప్పాడు:

"అయ్యగారూ, మా చిన్నప్పుడు ఆదివారము దూరదర్శన్‌లో డక్‌టేల్స్ వచ్చేది. మాకు టీవీ లేదు. పక్కవీధిలో ఒకరి ఇంటి కిటికీ ఊచలు పట్టుకొని చూసేవాళ్ళము. హిందీ ఒక్క ముక్క తెలియదు. అయినా నవ్వేవాళ్ళము. గోల ఎక్కువైతే వాళ్ళు కిటికీ రెక్క వేసేసేవారు. కథ చివర ఏమయిందో వారమంతా మేమే కల్పించుకునేవాళ్ళము. ఇప్పుడు నా ఇంట్లో నా డబ్బుతో కొనుక్కున్నాను. ఎవరూ కిటికీ వేయలేరు."

మాకు వెంటనే మాట రాలేదు. కిటికీ దగ్గర నిలబడి చూచిన బాల్యము మాలో చాలామందిది. ఆ రెక్క మూసుకొన్న చప్పుడు ఎంతకాలము చెవులలో ఉంటుందో మాకు తెలుసు. తరువాత మెల్లగా అడిగాము: "మరి తమ్ముడూ, మీ బాబు ఇప్పుడు ఏ కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు?"

అతడు కొంతసేపు ఊరుకొని, "కాగితము చినిగితే రేటు పడిపోతుంది అయ్యగారూ" అన్నాడు.

"అమ్ముతావా?"

"అమ్మను."

"అమ్మనివాడికి రేటుతో ఏమి పని?"

అతడు నవ్వాడు. మేమూ నవ్వాము. డక్‌టేల్స్ చూచినవారికి అందులోని స్క్రూజ్ అనే పిసినారి బాతు గుర్తుండే ఉంటుంది. గిడ్డంగి నిండా బంగారు నాణెములు. అయితే ఆ పిసినారి కూడా గిడ్డంగి తలుపు తెరిచి, ఆ నాణెములలోకి దూకి ఈత కొట్టేవాడు! మూత తీయని పెట్టెల యజమానికి ఆ సరదా కూడా లేదు గదా అని చెప్పాము.

మూత తీయకపోతే

"తీయకుండా ఉంచితే భద్రముగా ఉంటుంది" అనే మాట కూడా పూర్తిగా నిజము కాదు. డిస్కు రాయి కాదు. తయారీలో లోపముంటే, లోపలి పొర పాడయితే, పెట్టెలో ఉండగానే అది చూడ వీలు లేకుండా పోతుంది. 2006 నుండి 2008 వరకు తయారైన తమ డి.వి.డి.లలో కొన్నింటికి ఇట్టి లోపము ఉన్నదని వార్నర్ సంస్థ 2025లో ఒప్పుకొన్నది. ఎవరు కనుగొన్నారు? డిస్కు తీసి వేసి చూచినవారు కనుగొన్నారు. కాగితము విప్పనివాడి పెట్టెలో ఉన్నది సినిమాయో, పనికిరాని పళ్ళెమో అతనికే తెలియదు.

అట్లని, "ఈ రోజులలో అంతా నెట్‌లోనే వస్తుంది గదా, డిస్కులెందుకు?" అనేవారితో కూడా మేము ఏకీభవించము. నెలకింత అని చందా కట్టి చూచేది మనది కాదు. 2023లో డిస్నీ వారు తమ చందా సేవ నుండి డజన్ల కొద్దీ కార్యక్రమములను ఒకేసారి తీసివేశారు. చందా కట్టేవాడిని ఎవరూ అడగలేదు. ఆ సహోదరుడు చెప్పిన కిటికీ రెక్క ఇప్పటికీ ఉన్నదన్నమాట. నచ్చిన చిత్రమును ఇంటిలో ఉంచుకొనుటలో అర్థమున్నది. మేము వద్దనేది డిస్కును కాదు, దాని చుట్టూ కట్టిన గోడను.

పక్కన ఎవరు కూర్చుంటారు?

తల్లిదండ్రులకు ఇంకొక మాట. కార్టూన్ అన్నంత మాత్రాన అన్నీ పసిపిల్లలకు తగినవి కావు. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో డిస్నీ తీసిన చిత్రములను "ఆన్ ది ఫ్రంట్ లైన్స్" అనే పెట్టెలో పెట్టారు. 1943 నాటి "ఎడ్యుకేషన్ ఫర్ డెత్" అందులో ఉన్నది. జర్మనీలో ఒక పసివాడిని నాజీలు ఎట్లు సైనికునిగా మలచారో చూపే చిత్రము అది. చూచి నవ్వుకొనేది కాదు. మరికొన్ని పాత కార్టూన్లలో నల్లజాతివారిని, ఇతర జాతులవారిని ఎగతాళిగా చూపించారు. ఆ పెట్టెలను తయారు చేసినవారు అట్టివాటిని కోసివేయకుండా, వేరొక భాగములో పెట్టి, ముందు మాల్టిన్ చేత హెచ్చరిక చెప్పించారు. ఆ కాలములో ఇట్లు ఉండేది, ఇది తప్పు, తెలిసి చూడండి అని.

మాకు ఈ పద్ధతి నచ్చింది. తప్పును దాచివేస్తే పిల్లలు నేర్చుకొనరు. తప్పును ఊరక చూపిస్తే అనుకరిస్తారు. పక్కన కూర్చొని చెప్పే పెద్దమనిషి ఉండవలెను. డిస్కులో మాల్టిన్ ఉన్నాడు. ఇంటిలో నాన్న ఉండవలెను.

ఈ నెల చేయవలసినది

మీ ఇంటిలో రేకు పెట్టెలు లేకపోవచ్చు. పాత సినిమా క్యాసెట్లు, గ్రామఫోను రికార్డులు, పుస్తకములు, చీరలు, ఏవో ఒకటి ఉంటాయి. వాటి ముందు నిలబడి ఈ నాలుగు ప్రశ్నలు వేసికొనండి.

ఒకటి: దీనికి నేను పెట్టిన ధర నా భార్యకు, లేక నా భర్తకు తెలుసునా? ధర చెప్పుటకు నోరు రాకపోతే ఆ వస్తువు మీకు భారమయిందని అర్థము.

రెండు: దీనిని చివరిసారి ఎప్పుడు తెరిచాను? సంవత్సరము దాటితే ఒకసారి తెరవండి. డిస్కు అయితే వేసి చూడండి.

మూడు: దీనిని ముట్టుకోవద్దని నేను ఎవరిని తరిమాను? పిల్లవాడికి శుభ్రముగా చేతులు కడుగుకొని, డిస్కును అంచులు పట్టుకొని తీయుట నేర్పితే అయిదు నిమిషముల పని. ఆ జాగ్రత్త వాడికి జీవితమంతా ఉంటుంది.

నాలుగు: నా తరువాత దీని సంగతి ఎవరికి తెలుసు? ఇది ఏమిటో, ఎందుకు దాచానో ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. లేకపోతే మన తరువాత అది పాత సామాను బండి ఎక్కుతుంది.

ఆ సహోదరి మళ్ళీ రాసింది. అన్ని పెట్టెలు తెరవలేదట. చినిగిన ఆ ఒక్క పెట్టె తెరిచారట. అది డొనాల్డ్ బాతు పెట్టె. ఒక చిత్రము ఎనిమిది నిమిషములే గనుక, రాత్రి భోజనమయిన తరువాత రోజుకు ఒకటి చొప్పున ముగ్గురూ చూస్తున్నారట. ఏ పెట్టెకు ఎంత అయిందో ఇద్దరూ కూర్చొని పుస్తకములో రాశారట. ఆ మొత్తము చూచి ఆమె ఏమన్నదో మాత్రము రాయలేదు. ఈ సంవత్సరము కొత్తవి కొనకూడదని నిర్ణయించుకొన్నారట. మిగిలిన పెట్టెల మీద ఇంకా కాగితములు అట్లే ఉన్నాయట. ఉండనివ్వండి. ఒక్క మూత తీసిన చేయి రెండవ మూత కూడా తీయగలదు.

పాఠకులారా, మీ ఇంటిలో ఎన్నో ఏళ్ళుగా మూత తీయని పెట్టె ఏదైనా ఉంటే ఈ నెల ఒక సాయంత్రము ఇంటివారందరిని పిలిచి తెరవండి. అందులో ఏమున్నదో, అది మీ దగ్గరకు ఎట్లు వచ్చిందో పిల్లలకు చెప్పండి. వీలైతే మాకు కూడా రాయండి.